దేవుడి బొమ్మ ఉన్నంత మాత్రాన పాత నాణెం కాదు

ఒకవైపు సింహాసనం మీద సీతారాములు, పక్కన గొడుగు పట్టిన తమ్ముడు, పాదాల దగ్గర మోకరిల్లిన హనుమంతుడు. తిప్పి చూస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818, వాటి మధ్య యూకేఎల్ అని మూడు అక్షరాలు. రాగి రంగు, కాస్త నలుపెక్కిన అంచు, అరచేతిలో బరువుగా ఆనే మందం. తెలుగు ఇళ్లలో బీరువా లాకర్లోనో, దేవుడి గూట్లోనో, తాతగారి ఇనప్పెట్టెలోనో ఇలాంటిది ఒకటి బయటపడటం వింతేమీ కాదు. బయటపడిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఒకటే చర్చ: ఇది రెండొందల ఏళ్ల నాటి నాణెం కదా, ఎంత పలుకుతుంది?

నాణెంగా అయితే ఏమీ పలకదు. అది ఏ రోజూ నాణెంగా చలామణీ కాలేదు. పూజకు, మెడలో వేసుకోవడానికి, యాత్ర గుర్తుగా దాచుకోవడానికి చేసిన బిళ్ళ అది. నాణేలు సేకరించేవాళ్లు ఇలాంటివాటన్నిటినీ కలిపి టెంపుల్ టోకెన్లు అంటారు. ఆ పేరు విని దేవస్థానమే అచ్చు వేయించి ఇచ్చిందనుకోవద్దు. చాలావరకు ఇవి బజారు సరుకే. గుళ్ల దగ్గర, తీర్థాల్లో, తిరునాళ్లలో అమ్ముడుపోయేవి కాబట్టి ఆ పేరు నిలబడింది. చెప్పుల స్టాండులో ఇచ్చే నంబరు బిళ్ళ, అన్నదానం టోకెను వేరే సంగతి. వాటిని నాణేలని పొరబడేవాళ్లు తక్కువే.

వీటి విషయంలో మనం తడబడేది ఎక్కడంటే, చేతికి రాగానే అందరం ముందు దేవుణ్ణి చూస్తాం. దేవుడి బొమ్మ నిజమైన నాణేల మీదా ఉంది, ఉత్తుత్తి బిళ్ళల మీదా ఉంది. కాబట్టి ఆ బొమ్మతో ఏదీ తేలదు. తేల్చేవి వేరే ఉన్నాయి: దీన్ని జారీ చేసిందెవరు, దీని విలువ ఎంత, దీని తూకం ఆ రోజుల్లోని ఏ లెక్కకు సరిపోతుంది. రాజు గానీ సర్కారు గానీ ఒక లోహపు ముక్క మీద తన గుర్తు వేసి, ఇది ఇంత అని హామీ ఇస్తేనే అది నాణెం. ఆ హామీ ఎవరిదో దొరక్కపోతే, దాని మీద ఏ తేదీ ఉన్నా సరే, నాణెం కాదు.

కంపెనీ అర్ధణా మీద రాముడెక్కడి నుంచి వచ్చాడు

1818 బిళ్ళతోనే మొదలుపెడదాం, ఎక్కువమందిని తికమక పెట్టేది అదే. దీనికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. కొన్నింటి మీద 1616, కొన్నింటి మీద 1717, కొన్నింటి మీద 1839. ఒకదాని మీద సంజీవని కొండ మోస్తున్న హనుమంతుడు, ఇంకోదాని మీద లక్ష్మీదేవి, వేరేదాని మీద రాధాకృష్ణులు. హాఫ్ అణా, వన్ అణా, టూ అణా అని విలువలూ మారుతుంటాయి. అసలు కంపెనీ ఆ రోజుల్లో ఏం ముద్రించిందో తెలిస్తే ఈ బిళ్ళల గుట్టు దానంతటదే బయటపడుతుంది.

కంపెనీవాళ్లు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1611లో. మద్రాసులో కోట కట్టుకోవడం 1639 తర్వాతి మాట. 1616లో వాళ్లు ఈ దేశంలో అనుమతుల కోసం తిరుగుతున్న వర్తకులు. మొగలుల రాజ్యంలో ఇంగ్లిష్ అక్షరాలతో అణా నాణేలు కొట్టి చలామణీ చేసే స్థితి వాళ్లది కాదు. యూకేఎల్‌లోని మొదటి రెండక్షరాలు యునైటెడ్ కింగ్‌డమ్‌కు గుర్తు అని కొందరు చెబుతుంటారు. ఆ పేరు ఆ రాజ్యానికి అధికారికంగా వచ్చిందే 1801లో. 1616, 1717 బిళ్ళల మీద అది ఎలా ఉంటుంది? కంపెనీ తన రాగి నాణేల మీద వేసుకున్న అక్షరాలు వేరు. హృదయాకారంలో గీసిన వర్తక ముద్రలో వీఈఐసీ అని ఉంటుంది. మూటల మీద వేసుకునే గుర్తునే నాణేల మీదికీ తెచ్చుకున్నారు.

ఆ గుర్తున్న అసలు నాణేలు మన ఉత్తర సర్కారుల్లోనే చెల్లాయి. 1794లోనూ 1797లోనూ బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద ముద్రించి ఓడల్లో తెచ్చిన రాగి నాణేలవి. నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి అని వాటి మీదే రాసి ఉంటుంది. దానిలో సగం విలువదీ ఉంది. ఒకవైపు కంపెనీ రాజచిహ్నం, మరోవైపు ఆ హృదయాకారపు ముద్ర, చుట్టూ యునైటెడ్ ఈస్ట్ ఇండియా కంపెనీ అన్న పేరు. తర్వాత 1803లో, 1808లో మద్రాసు కోసం ఇంగ్లండులో ముద్రించిన కాసులూ అంతే: సింహాలున్న రాజచిహ్నం, రెండోవైపు పారశీక లిపి, కింద ఇన్ని కాసులని రోమన్ అంకె. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ ఇంగ్లండు తీరం దాటకముందే మునిగిపోయింది. అందులో టన్నుల కొద్దీ ఈ 1808 కాసులున్నాయి. తర్వాత నీళ్లలోంచి తీశారు కాబట్టి ఇప్పటికీ అవి తక్కువ ధరకే దొరుకుతాయి. నిజమైన కంపెనీ రాగి నాణెం ఒకటి చేతిలో పెట్టుకుని పోల్చుకోవాలంటే అంతకంటే చవకైన మార్గం లేదు.

ఇక 1818. మన వైపు నాణేల చరిత్రలో అది నిజంగానే మలుపు తిరిగిన ఏడాది. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా అన్న పాత లెక్క పక్కకు పోయి, మద్రాసు ప్రెసిడెన్సీ వెండి రూపాయిని ప్రమాణంగా పెట్టుకుంది ఆ ఏడాదే. అయినా ఆ ఏటి మద్రాసు నాణేల్లో రాముడి బొమ్మతో రాగి అర్ధణా లేదు. దేశమంతటికీ ఒకే రకం కంపెనీ నాణేలు రావడం 1835 చట్టంతోనే. ఆ చట్టం కింద వచ్చిన అసలు అర్ధణా మీద 1835 గానీ 1845 గానీ తేదీ ఉంటుంది. ఒకవైపు కంపెనీ రాజచిహ్నం, రెండోవైపు ఆకుల దండ మధ్యలో విలువ. తూకం 200 గ్రెయిన్లు, అంటే 12.95 గ్రాములు. కాలణా 100 గ్రెయిన్లు, 6.48 గ్రాములు. వాటి మీద దేవుళ్లు లేరు, యూకేఎల్ లేదు.

వన్ అణా, టూ అణా బిళ్ళలైతే ఇంకా తేలిగ్గా దొరికిపోతాయి. కంపెనీ చలామణీలో ఒక అణా నాణెమే లేదు. రూపాయికి పదహారు అణాలని అందరూ లెక్క కట్టేవాళ్లు గానీ, చేతికి అణా నాణెం వచ్చింది 1907లో, ఏడో ఎడ్వర్డ్ రాజు కాలంలో, నికెల్ కలిసిన లోహంతో, వంకీల అంచుతో. అప్పటికి కంపెనీ పాలన పోయి యాభై ఏళ్లు. రెండణాలు మాత్రం కంపెనీ ముద్రించింది. కానీ అది వెండిది, గ్రామున్నర కూడా తూగదు. దానికీ, బజారులో కంపెనీ రెండణాలని చూపించే మందపాటి రాగి బిళ్ళకీ పొంతనే లేదు.

మరి ఇవి ఎవరు చేశారు, ఎందుకు చేశారు? పూజా సామగ్రి చేసే ఇత్తడి, రాగి పనివాళ్లు చేశారు. దేవుడి బిళ్ళకు రెండో వైపు ఏదో ఒకటి ఉండాలి. పాత రాగి నాణెం అంటే జనానికి ఒక నమ్మకం, కంపెనీ పేరుంటే పాతదనం దానికదే వచ్చేస్తుంది. తేదీలు చూడండి: 1616, 1717, 1818. అంకెలు అంత అందంగా జతలు జతలుగా రావడం టంకశాల అలవాటు కాదు, శుభసంఖ్య చూసుకునేవాళ్ల అలవాటు. వీటిలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలోవే, ఇప్పటికీ కొత్తగా తయారవుతూనే ఉన్నాయి.

నకిలీ అనడం కూడా సరికాదు

ఇంతా చెప్పాక ఇవన్నీ మోసపు సరుకని తీసిపారేస్తే అదీ పొరపాటే. నకిలీ అనాలంటే అసలు ఒకటి ఉండాలి కదా. రాముడున్న కంపెనీ అర్ధణాకు అసలే లేనప్పుడు ఇది దేనికి నకిలీ? దేవుడి పటం లాగే ఇదీ ఒక పూజావస్తువు. దాన్ని నాణెమని చెప్పి అమ్మినప్పుడే మోసం మొదలవుతుంది. చేసినవాడి తప్పు కంటే అమ్మినవాడి తప్పే ఎక్కువ అని నా ఉద్దేశం.

ఈ కంపెనీ బిళ్ళలకు ముందు, వీటికంటే ఎంతో పనితనం ఉన్న రామటంకాలు ఉన్నాయి. వెండి, ఇత్తడి, రాగి, అరుదుగా బంగారం. ఒకవైపు పట్టాభిషేకం, రెండోవైపు విల్లంబులు పట్టుకుని నిలబడ్డ రామలక్ష్మణులు. అంటే ఒకే బిళ్ళకు ఒక ముఖం కొలువు, ఇంకో ముఖం వనవాసం. కొన్నింటిని కాస్త గుంటగా, చిన్న గిన్నెలా వంచి చేశారు. చుట్టూ నాగరి లిపిలో రాముడు, లక్ష్మణుడు, జానకి, హనుమంతుడి పేర్లుంటాయి. అక్షరాలు తరచు తప్పుల తడకగా ఉంటాయి. చదువు రాని పనివాడు పాత బిళ్ళ చూసి కొత్త అచ్చు చెక్కుతాడు, దాన్ని చూసి ఇంకొకడు చెక్కుతాడు. నాలుగైదు చేతులు మారేసరికి అక్షరం గీతగా మిగులుతుంది.

అంకెల గతీ ఇంతే. చాలా రామటంకాల మీద 51740 అని ఉంటుంది. కొందరు మొదటి అంకె వదిలేసి, 1740ని విక్రమ శకంగా తీసుకుని, అందులోంచి 57 తీసేసి 1683 అంటారు. వినడానికి లెక్క బాగానే ఉంది. కానీ ఎన్నో రకాల అచ్చులతో, ఎన్నో లోహాల్లో, తేడాగా కనిపించే పనితనంతో ఉన్న బిళ్ళలన్నీ ఒకే ఏడాదిలో పుట్టాయంటే ఎలా నమ్ముతాం? అది తయారీ తేదీ కాదు, బొమ్మతో పాటు నకలు చేస్తూ వచ్చిన గుర్తు. ఇంకొన్ని బిళ్ళల వెనక గళ్లు గీసి అంకెలు వేసి ఉంటాయి, అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఒకే మొత్తం వచ్చేలా. అదీ తేదీ కాదు, పూజలో పెట్టుకునే యంత్రం.

తెలుగువాళ్లకు ఈ రామటంకాల దగ్గర ఇంకో చిక్కుంది. భద్రాచలం కథ తెలియని ఇల్లు మనకు లేదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించడం, గోల్కొండ ఖైదులో పడటం, చివరికి రామలక్ష్మణులే సేవకుల వేషంలో వచ్చి తానీషాకు ఆరు లక్షల రామమాడలు కట్టి చీటీ తీసుకోవడం. అందుకే సీతారాములున్న పాత బిళ్ళ ఏది దొరికినా మనవాళ్లు దాన్ని రామమాడ అనేస్తారు, తానీషా కాలం నాటిదని కూడా అనేస్తారు. భక్తికి సంబంధించినంత వరకు దాన్ని కాదనాల్సిన పని లేదు. నాణేల లెక్కకు వస్తే మాత్రం ఒక మాట చెప్పుకోవాలి. తానీషాగా మనకు తెలిసిన అబుల్ హసన్ కుతుబ్‌షా ఏలింది 1672 నుంచి 1687 వరకు. కుతుబ్‌షాహీల పేరు మీద వచ్చిన నాణేలు ఎక్కువగా రాగివి, పారశీక అక్షరాలతో ఉండేవి. మాడ అనేది నిజమైన తెలుగు బంగారు నాణెమే, కాకతీయుల శాసనాల్లో గద్యాణం, రూక, చిన్నం పక్కన అదీ వినిపిస్తుంది. కానీ అరచేతిలో సగం ఉండే పట్టాభిషేకం బిళ్ళకు ఆ మాడతో సంబంధం లేదు.

నిజంగానే దేవుడున్న నాణేలు

అసలు చిక్కు ఇక్కడుంది. దేవుడి బొమ్మ ఉంటే నాణెం కాదు అని సూత్రం పెట్టేద్దామంటే కుదరదు. మన దక్షిణాదిలో దేవుడి బొమ్మతో నాణెం కొట్టించడం వందల ఏళ్ల ఆనవాయితీ.

విజయనగర రాజుల వరహాలే తీసుకోండి. తొలి సంగమ రాజుల నాణేల మీద హనుమంతుడు, గరుడుడు ఉన్నారు. ఆ తర్వాత ఉమామహేశ్వరులు వచ్చారు. కృష్ణదేవరాయల వరహా మీద బాలకృష్ణుడు కూర్చుని ఉంటాడు, వెనక నాగరిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అని. అచ్యుతరాయలు గండభేరుండం వేయించాడు. తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండ నుంచి ఏలిన తిరుమలరాయల బంగారు నాణెం మీద ఏకంగా సీతారాములు కూర్చుని ఉంటారు, పక్కన లక్ష్మణుడు. అంటే రాముడున్న అసలు సిసలు నాణెం మన రాయలసీమ నుంచే వచ్చింది. తర్వాతి అరవీటి రాజులు తిరుమల వెంకటేశ్వరుణ్ణి వేసుకుని, శ్రీ వేంకటేశ్వరాయ నమః అని రాయించుకున్నారు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? చూడగానే తెలుస్తుంది, సైజులో. విజయనగర వరహా 3.4 గ్రాముల చుట్టూ తూగుతుంది, చొక్కా బొత్తాం కంటే పెద్దగా ఉండదు. దానిలో సగం, పావు విలువ నాణేలైతే ఇంకా చిన్నవి. అంత చిన్న బంగారు ముక్క మీద ఐదుగురు నిలబడే పట్టాభిషేకం పట్టదు. కృష్ణదేవరాయల కాలం నాటిదని ఎవరైనా రూపాయి బిళ్ళంత ఇత్తడి ముక్క చూపిస్తే ఆలోచించాల్సిన పనే లేదు. రెండో తేడా, వెనకవైపు రాజు పేరు. దేవుడు ఒకవైపు ఉంటే, ఆ దేవుడి పేరు మీద హామీ ఇస్తున్న రాజు రెండోవైపు ఉంటాడు. అరవీటి రాజుల దగ్గర స్వామి పేరే ఆ చోట నిలిచింది, కానీ తూకం మాత్రం వరహా తూకమే. రామటంకాల్లో రెండువైపులా దేవుడే, తూకానికి కట్టుబాటు లేదు.

ఉత్తరాదిలో అక్బరు వేయించిన సీతారాముల నాణెం ఒకటుంది. అతను మొదలుపెట్టిన ఇలాహీ శకం 50లో, అంటే 1605లో వచ్చింది. విల్లు పట్టిన రాముడు, వెనక సీత, పైన నాగరిలో రామ సియ అన్న మాట. బంగారంలోనూ వెండిలోనూ అతి కొద్ది మాత్రమే మిగిలాయి, అవీ మ్యూజియాల్లో, పెద్ద సేకరణల్లో ఉన్నాయి. దాని ఫొటో పెట్టి, తమ దగ్గరున్న రామదర్బారు బిళ్ళ అమ్మేవాళ్లున్నారు జాగ్రత్త. అక్బరు నాణెం మీద దర్బారు లేదు, ఇద్దరే.

కంపెనీ కూడా దేవుణ్ణి పూర్తిగా వదిలేయలేదు. మద్రాసులో వాళ్లు కొట్టించిన స్టార్ పగోడా వరహా మీద నిలబడ్డ స్వామి ఉన్నాడు, రెండోవైపు చుక్కల మధ్య ఒక నక్షత్రం. త్రిస్వామి వరహా మీద దేవేరులిద్దరితో కలిసి ముగ్గురు. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది 1807-08లో మద్రాసు టంకశాల వేసిన వెండి అర వరహా. ఒకవైపు చుక్కల మధ్య అంతస్తులు అంతస్తులుగా గోపురం, ఇంగ్లిష్, పారశీక లిపులు. రెండోవైపు తామర పువ్వులోంచి వెలిసిన విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు. తెలుగు అక్షరాలతో, గోపురంతో, స్వామితో ఉన్న కంపెనీ నాణెం! చూసినవాళ్లు దీన్నే గుడి టోకెన్ అనుకుని పక్కన పెట్టేస్తారు, అణా రాసిన రాముడి బిళ్ళను నాణెమని నెత్తిన పెట్టుకుంటారు. ఇది తిరగబడిన పొరపాటు. ఆ వెండి వరహా మీద విలువ స్పష్టంగా ఉంది, నాలుగు భాషల్లో. హామీ ఇచ్చినవాడు ఎవరో తెలుసు. అందుకే అది నాణెం.

మన కాలంలోనూ ఉన్నాయి. 2010లో తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండినప్పుడు, 2012లో వైష్ణోదేవి క్షేత్ర మండలి పాతికేళ్ల సందర్భంగా భారత ప్రభుత్వం 5 రూపాయల నాణేలు తెచ్చింది. వైష్ణోదేవిది 10 రూపాయల్లో కూడా ఉంది. మూడు సింహాల గుర్తు, విలువ, ఏడాది, టంకశాల గుర్తు అన్నీ ఉంటాయి. హైదరాబాద్ టంకశాలదైతే ఏడాది కింద చిన్న నక్షత్రం. ఇవి నూటికి నూరుపాళ్లు నాణేలు. కాకపోతే లక్షలు పలికే నాణేలు మాత్రం కావు. అదే కాలంలో నగల షాపులు ధన త్రయోదశికి అమ్మే లక్ష్మీదేవి వెండి కాయిన్లు, తిరుమలలో దొరికే శ్రీవారి డాలర్లు పేరుకు కాయిన్లు, డాలర్లు. వాటి మీద గ్రాములు, లోహపు స్వచ్ఛత ఉంటాయి, రూపాయల విలువ ఉండదు. అవి లోహం లెక్కన చెల్లుతాయి.

చేతిలో పెట్టుకుని చూస్తే

తూకం ముందు చూడండి. నగలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. అసలు అర్ధణా అరిగినా 12 గ్రాములకు పైనే ఉంటుంది, 13 దాటదు. రాముడి అర్ధణాలు ఒకటి 9 ఉంటుంది, ఇంకోటి 20 ఉంటుంది, ఎవరి దగ్గర ఉన్న రేకు మందం వాళ్లది. అయితే తూకం కుదిరినంత మాత్రాన సంబరపడొద్దు. వెండి రామటంకాల్లో తులం తూగేవి ఉన్నాయి. పాత రూపాయి బరువూ తులమే, 11.66 గ్రాములు. కంసాలి లెక్క ఎప్పుడూ తులాల్లోనే కాబట్టి అందులో వింతేం లేదు.

అరుగుదల చాలా సంగతులు చెబుతుంది. నాణెం చేతులు మారుతూ, సంచుల్లో ఒకదానితో ఒకటి రాసుకుంటూ అరుగుతుంది. ఎత్తుగా ఉన్న చోట్లన్నీ సమంగా చదునవుతాయి, అంచుకి దెబ్బలుంటాయి. పూజలో ఉన్న బిళ్ళ అలా అరగదు. పండగ పండగకీ చింతపండు పెట్టి తోమడం వల్ల ముఖాలు నున్నగా జారిపోతాయి, అంచు మాత్రం గట్టిగా ఉంటుంది. బొమ్మ సందుల్లో పసుపు, కుంకుమ, గంధం గట్టిపడి ఉంటాయి. నాకు కుంకుమ కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. కాసులపేరులో గుచ్చిందో, మెడలో వేసుకుందో అయితే పైన కొక్కెం అతికించిన మచ్చ, లేదా చిల్లు ఉంటుంది. అసలు నాణేలకు కూడా కొక్కేలు పెట్టించుకునేవాళ్లు మనవాళ్లు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

తర్వాత అంచు, పోత. పోతపోసిన బిళ్ళ మీద భూతద్దం పెడితే చిన్న చిన్న గుంటలు, మొద్దుబారిన గీతలు, అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన గీత కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్‌లోనో కలకత్తాలోనో యంత్రం మీద ముద్రించిన నాణేనికి అక్షరం పదునుగా, బొమ్మ చుట్టూ ఖాళీ భాగం సమంగా ఉంటుంది. కంపెనీ బిళ్ళల్లో ఇంగ్లిష్ అక్షరాలు ఒకదానికొకటి దూరదూరంగా, వంకరగా, ఒక్కోసారి ఎన్ అక్షరం తిరగబడి కూడా ఉంటుంది. గిన్నెలా వంగి ఉండటం మాత్రం దేనికీ రుజువు కాదు. వేంగీ చాళుక్యుల కాలంలో, శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పేర్లతో వచ్చిన పల్చటి బంగారు నాణేల తీరే వేరు. మధ్యలో వరాహం, చుట్టూ ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టిన ముద్రలు. అవి అరకాన్ తీరంలో, సయాంలో కూడా దొరికాయి. మన నాణేలన్నీ చదునుగా, ఒకే అచ్చుతో ఉండాలని రూలేం లేదు.

లోహం మీద అనుమానం ఉంటే సాంద్రత చూడొచ్చు. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను దారంతో కట్టి, గ్లాసు అడుక్కి తగలకుండా నీళ్లలో ముంచండి. కాటా చూపించే అంకెతో బిళ్ళ అసలు బరువును భాగించండి. రాగికి 8.9 దగ్గర వస్తుంది, ఇత్తడికి ఎనిమిదిన్నర అటూ ఇటూ, స్వచ్ఛమైన వెండికి 10.5, మేలిమి బంగారానికి 19.3. అయస్కాంతానికి అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. ఆమ్లాలతో రుద్దడం, బ్రాసో పెట్టి మెరిపించడం మాత్రం వద్దు. ఒకవేళ అది నిజంగా పాతదే అయితే దాని విలువ పోగొట్టేది మీ చేతులే.

బియ్యం లాగే బిళ్ళ

ఇదంతా సేకరణ సరదాగా ఉండిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. ఆంధ్రలో, తెలంగాణలో రైస్ పుల్లింగ్ పేరుతో పట్టుబడే ముఠాల దగ్గర దొరికే వస్తువుల్లో రాగి చెంబులతో పాటు ఈ కంపెనీ బిళ్ళలూ ఉంటాయి. పిడుగు పడి రాగి కాస్తా ఇరిడియం అయిందని, అది బియ్యపు గింజల్ని లాగుతుందని, నాసావాళ్లు కోట్లు పెట్టి కొంటారని చెబుతారు. పరీక్ష చేయించాలి, పెట్టె కొనాలి, శాస్త్రవేత్తను పిలిపించాలి అని ముందు లక్షలు గుంజుతారు. బియ్యానికి ఇనుప పొడి పట్టించి, బిళ్ళ లోపలో అడుగునో అయస్కాంతం పెడితే గింజలు కదులుతాయి. మాయ అంతే.

పైన చెప్పిన గ్లాసు లెక్కే ఇక్కడా సరిపోతుంది. ఇరిడియం సాంద్రత 22.5. అర్ధణా సైజులో ఇరిడియం బిళ్ళ ఉంటే అది 13 గ్రాములు కాదు, 32 గ్రాములకు పైగా తూగాలి. ఇరిడియం అయస్కాంతం కాదు, బియ్యాన్ని లాగదు, పిడుగు పడితే రాగి ఇరిడియంగా మారదు. ఇంటర్ కెమిస్ట్రీ చదివిన పిల్లవాడు ఈ మాట చెప్పగలడు. కానీ అప్పుల్లో ఉన్న పెద్దాయన, అటక మీద దొరికిన బిళ్ళ, నమ్మకంగా మాట్లాడే ఏజెంటు ముగ్గురూ ఒక గదిలో చేరాక కెమిస్ట్రీ ఎవరికి గుర్తుంటుంది?

ఆన్‌లైన్ రకం ఇంకోటి. పాత నాణేలు కోట్లకు కొంటామని ప్రకటనలు వేసి, రిజర్వు బ్యాంకు పేరుతో ఫీజులు, పన్నులు అడుగుతారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చి మరీ చెప్పింది, పాత నోట్లు, నాణేల వ్యాపారంతో తనకు సంబంధం లేదని, అలాంటి లావాదేవీలకు ఫీజులు వసూలు చేయదని. కొనేవాడు అమ్మేవాణ్ణి డబ్బు అడిగితే అది బేరం కాదు.

చట్టం మాటకు వస్తే, దేవుడి బిళ్ళ ఇంట్లో ఉంచుకోవడం తప్పేమీ కాదు. డబ్బుగా వాడటానికి సొంతంగా లోహపు ముక్కలు చేయకూడదని 1889లోనే ఒక చట్టం వచ్చింది. 2011 నాణేల చట్టం దాని స్థానంలోకి వచ్చింది. పూజ బిళ్ళ డబ్బుగా చెల్లదు కాబట్టి దాని జోలికి ఆ చట్టం రాదు. పునాది తవ్వుతుంటేనో పొలం దున్నుతుంటేనో బయటపడిన నాణేల సంగతి వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. అది దేవుడి బిళ్ళో నాణెమో తేల్చుకునే పని వాళ్లది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు అమ్మమ్మ దగ్గరి రామమాడ పంపే ముందు కూడా ఇది చూసుకోవాలి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. నిన్న మొన్న చేసిన ఇత్తడి బిళ్ళకు ఆ అడ్డంకి లేదు. అయినా దాని మీద 1818 అని రాసి ఉంటే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆఫీసరుకు అది ఎలా కనిపిస్తుందో ఊహించండి. పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే ధ్రువపత్రం ఇస్తుంది. తూకం, వ్యాసం, రెండువైపుల ఫొటోలు, అంచు ఫొటో ముందే సిద్ధంగా పెట్టుకుంటే పని తేలిక. పోల్చుకోవడానికి అసలు నాణేలు చూడాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నాణేల సేకరణ ఉంది.